కారు పక్కన పందిరి

విజయవాడలో ఉంటూ ఎండాకాలంలో ఒక పూట ఊరి బయట గడపాలనుకునేవాళ్ళకు మొదటి చిక్కు నీడ. రాత్రి నిద్రకు గుడారం లేకపోయినా కారు సీట్లు వాల్చుకుని సర్దుకోవచ్చు. పగలు పదకొండు నుండి నాలుగు దాకా మాత్రం తల మీద ఏదో ఒకటి లేకుండా కుదరదు. చెట్టు ఉన్నచోటికి బండి పోదు, బండి పోయినచోట చెట్టు ఉండదు. ఈ ఇబ్బందికి విరుగుడుగా కారు పైకప్పు అంచుకు బిగించుకునే మడత పందిరిని, బజారులో ఆనింగ్ అని పిలిచేదాన్ని, నేను మూడేళ్ళ క్రితం కొన్నాను. అప్పటి నుండి సూర్యలంక సముద్రతీరం మొదలుకొని కోటప్పకొండ దాకా పాతిక ముప్పై సార్లు దాన్ని విప్పి ముడిచాను, ఒకసారి విరగ్గొట్టుకున్నాను కూడా. కొత్తగా కొనాలనుకునేవారికి ఆ అనుభవం పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

కొనడానికి ముందు నేను చవకదారి పట్టిన మాట వాస్తవం. ప్రత్తిపాడు దగ్గర మా పెదనాన్నగారి పొలంలో, కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద కప్పే బరకం ఒకటి ఖాళీగా ఉంటే అడిగి తెచ్చుకున్నాను. "కడిగిస్తాను, రెండు రోజులు ఆగరా" అని ఆయన అన్నారు. "ఎండలో ఆరిందే కదా పెదనాన్నా, పర్వాలేదు" అంటూ నేనే తొందరపడి డిక్కీలో పడేసుకున్నాను. మరునాడు సూర్యలంకలో ఒక కొసను సరుగుడు చెట్టుకు, రెండో కొసను కారు కేరియరుకు కట్టి విప్పామో లేదో, మడతల్లో దాగిన కారమంతా గాలికి లేచింది. మా పిల్లలతో పాటు పక్కన చాప వేసుకున్న ముక్కూమొహం తెలియని కుటుంబం కూడా అరగంట సేపు తుమ్ముతూనే ఉంది. కారం సంగతి అటుంచినా, నల్లటి ప్లాస్టిక్ బరకం కింద కూర్చుంటే అది వేడెక్కి ఆ సెగను మన నెత్తిమీదికే దించుతుంది, గాలికి పటపటమంటూ చెవులు చిల్లులు పొడుస్తుంది, పైగా రెండో కొస కట్టడానికి ఎక్కడో ఒకచోట చెట్టు కావాలి. చెట్టే ఉంటే బరకంతో పనేముంది?

ఆనింగ్ నిర్మాణం చాలా సులువైనది. కారు కప్పు పక్కన పొడుగ్గా ఒక అల్యూమినియం పట్టీ ఉంటుంది. గుడ్డ ఒక అంచు దానికి బిగిసి ఉంటుంది. మిగిలిన గుడ్డను చాపలా చుట్టి, దళసరి పీవీసీ సంచిలో పెట్టి, జిప్పు వేస్తారు. జిప్పు తీసి, చుట్టను ముందుకు లాగి, చివరి కడ్డీలో దాగిన రెండు కాళ్ళను కిందికి దించి నిలబెట్టి, కారు వైపు నుండి రెండు పక్క చేతులను విప్పి ఆ కడ్డీకి తగిలిస్తే పందిరి నిలుస్తుంది. కాళ్ళూ చేతులూ ఒకదాంట్లో ఒకటి జారే గొట్టాలు కాబట్టి కావలసినంత పొడవు లాగి తిప్పి బిగించుకోవచ్చు. పూర్వం గూడుబండి మీద వెదురు బద్దలు వంచి చాప కప్పినవాళ్ళు దీన్ని చూస్తే పెద్దగా ఆశ్చర్యపోయేవారు కాదనుకుంటాను.

ఇందులో ప్రధానంగా రెండు జాతులున్నాయి. ఒకటి పైన చెప్పిన సూటి పందిరి; కారు పొడుగున రెండు మీటర్ల వెడల్పు, బయటికి రెండున్నర మీటర్ల లోతు ఉన్నది సాధారణంగా దొరికే కొలత, బరువు 10 నుండి 15 కిలోల మధ్య ఉంటుంది. రెండోది గబ్బిలం రెక్కలా విచ్చుకుని కారు పక్కనూ వెనుకనూ కలిపి 270 డిగ్రీల మేర కప్పేది. దీని బరువు 20 నుండి 30 కిలోల దాకా ఉంటుంది. బొమ్మల్లో రెండోది చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. డిక్కీ తలుపు ఎత్తి వెనుక వంట చేసుకుంటూ ఉంటే దాని మీద కూడా నీడ పడటం నిజంగా సౌకర్యమే. మా తోడల్లుడిగారి బండికి ఉన్న అలాంటిదాన్ని నేను రెండుసార్లు వాడి చూశాను. విప్పడం నిమిషం పని; ముడవడం దగ్గర కష్టం మొదలవుతుంది. నాలుగైదు చేతుల మధ్య వేలాడే గుడ్డను మడతలు పెట్టి, చేతులన్నీ దగ్గరికి చేర్చి, తల కంటే ఎత్తులో ఉన్న సంచిలోకి నెట్టి జిప్పు లాగాలి. ఐదడుగుల నాలుగంగుళాల మనిషిని కావడం వల్ల నేను కారు చక్రం మీదికి ఎక్కవలసి వచ్చింది.

ఆ రోజు నుండి నేను పెట్టుకున్న కొలబద్ద ఒకటే: ఒక్క మనిషి, చీకట్లో, గాలి వీస్తుండగా దీన్ని ఎంత సేపట్లో ముడవగలడు? మన ప్రాంతంలో వేసవి సాయంత్రాలు ఉన్నట్టుండి గాలిదుమారంగా మారతాయి కాబట్టి అమ్మేవాళ్ళు చెప్పే వైశాల్యం కంటే ఈ లెక్కే నాకు ముఖ్యమైంది. సూటి పందిరిని ఇద్దరం మూడు నాలుగు నిమిషాల్లో, నేనొక్కడినే అయితే ఆరు నిమిషాల్లో చుట్టేస్తాం. అందుకే అదే కొన్నాను. పెద్ద బృందంతో తిరిగేవాళ్ళు, పొడగరులు, తరచుగా కారు వెనుకే వంట చేసుకునేవాళ్ళు రెండోదాన్ని ఎంచుకుంటే నేను తప్పుపట్టను.

గుడ్డ గురించి ఆలోచించే ముందు కప్పు గురించి ఆలోచించాలి. ప్రతి బండికీ పైకప్పు మీద ఎంత బరువు మోయవచ్చో దానితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. చాలా కార్లకు ఇది 50 నుండి 75 కిలోల మధ్య ఉంటుంది. ఈ హద్దు బండి కదులుతున్నప్పటిది. ఇందులో ఆనింగ్ బరువు, దాన్ని బిగించడానికి కప్పు మీద అడ్డంగా వేసే అడ్డకడ్డీల బరువు, బిగింపుల బరువు, పైన పెట్టే సామాను బరువు అన్నీ కలిపి లెక్కవేయాలి; ఆనింగ్ బరువు ఒక పక్కకే మొగ్గి ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి. రెండో సంగతి, ఇప్పటి కార్లలో కొన్నింటికి కప్పు మీద కనిపించే వెండిరంగు రెయిల్స్ కేవలం అలంకారానికి అతికించినవి. వాటికి ఆనింగ్ బిగిస్తే మొదటి గుంతలోనే ఊడి చేతికొస్తాయి. పాత అంబాసిడర్ కారుకు కప్పు చుట్టూ వాననీరు పోయే గాడి ఉండేది. కేరియరు కాళ్ళను ఆ గాడికి కరిపించి ఇంటి సామాను మొత్తం ఎక్కించేవారు. ఆ సుఖం ఇప్పుడు లేదు కాబట్టి, మన కారు నమూనాకే తయారైన అడ్డకడ్డీలు తీసుకోవడం మేలు.

ఆ కడ్డీలకు ఆనింగ్‌ను పట్టి ఉంచేవి ఎల్ ఆకారపు ఇనుప పట్టీలు. పందిరితో పాటు వచ్చినవి నా కడ్డీలకు సరిపోకపోతే ఆటోనగర్‌లో చేయించుకున్నాను. అక్కడ ఏ ఇనుప వస్తువైనా గంటలో తయారవుతుందన్న ధీమాతో మందం చెప్పకుండా ఇచ్చాను. మూడు మిల్లీమీటర్ల రేకుతో చేసి ఇచ్చారు. గన్నవరం దాటేలోపే పందిరి ఊగడం, కప్పు మీద దడదడ చప్పుడు మొదలయ్యాయి. మరుసటి వారం ఐదు మిల్లీమీటర్ల పట్టీతో, మూలలో చిన్న త్రికోణపు ముక్క అతికించి మళ్ళీ చేయించాను. బోల్టులు 8 మిల్లీమీటర్లవి, తుప్పు పట్టని స్టీలువి. నట్లు లోపల నైలాన్ వలయం ఉన్నవి, అదురుకు వదులు కాకుండా. మొదటి వంద కిలోమీటర్లు తిరిగాక 13 నంబరు పానాతో మళ్ళీ ఒకసారి బిగించాలి. ఆ పానా ఇప్పటికీ నా సీటు కిందే ఉంటుంది.

బండి శరీరానికి ఎక్కడా రంధ్రం వేయించలేదు, వెల్డింగు పెట్టించలేదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. అందువల్ల బోల్టులు విప్పితే పూర్తిగా ఊడివచ్చేలా, పక్క అద్దాల కంటే బయటికి పొడుచుకు రాకుండా అమర్చుకున్నాను. ప్రయాణం లేని నెలల్లో తీసి ఇంట్లో పెట్టేస్తాను. అలా తీయడానికి మరో బలమైన కారణం మా అపార్టుమెంటు సెల్లారు. అందులో దూలాల ఎత్తు ఏడడుగులే. కొనబోయేవారు కారు ఎత్తు, అడ్డకడ్డీల ఎత్తు, సంచి లావు మూడూ కూడి, సెల్లారులో అన్నిటికంటే కిందికి దిగిన దూలానికో నీళ్ళ గొట్టానికో టేపు పెట్టి చూసుకుని తీరాలి. నేను గొట్టాన్ని కొలవలేదు. ఆ పూట కింది ఫ్లాట్లవాళ్ళకు నీళ్ళు రాలేదు.

ఏ పక్కకు బిగించాలన్నది చాలామంది ఆలోచించరు. మన దేశంలో రోడ్డుకు ఎడమ పక్కన ఆగుతాం కాబట్టి మనుషులు దిగి కూర్చునే చోటు ఎడమవైపే ఉండాలి. కుడివైపు విప్పితే పిల్లలు వచ్చేపోయే లారీల దారిలో ఆడుకుంటున్నట్టే. సూటి పందిరిని ఏ పక్కకైనా బిగించవచ్చు. రెక్క పందిళ్ళు మాత్రం ఎడమచేతివి, కుడిచేతివి వేరువేరుగా తయారవుతాయి. ఆస్ట్రేలియాలో కూడా రోడ్డుకు ఎడమవైపే నడుపుతారు కనుక అక్కడివారి కోసం చేసిన నమూనాలు మనకు సరిపోతాయి. అమెరికా నమూనా తెప్పించుకునేటప్పుడు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

ఇక గుడ్డ. పాలిస్టర్‌ది, నూలు కలిసిన కేన్వాసుది అని రెండు రకాలు దొరుకుతాయి. పాలిస్టర్ గుడ్డ మీద 420 డీనియర్, 600 డీనియర్ అని రాస్తారు. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె చెబుతుంది, అంటే అంకె పెరిగేకొద్దీ దారం లావు. నీటిని ఆపే శక్తిని మిల్లీమీటర్లలో చెబుతారు. 2,000 మిల్లీమీటర్లు అంటే ఆ గుడ్డ మీద రెండు మీటర్ల ఎత్తు నీటి స్తంభం నిలిచేదాకా నీరు అవతలికి రాదని అర్థం. మన వానకు అది చాలు. పాలిస్టర్ తేలిక, త్వరగా ఆరుతుంది, ధర తక్కువ. అయితే ఏళ్ళ తరబడి ఎండ తింటే దారం పెళుసుబారుతుంది. కేన్వాసు నీడ చల్లగా ఉంటుంది, గాలికి చప్పుడు చేయదు, నిప్పురవ్వ పడితే పాలిస్టర్‌లా కరిగిపోదు. తడిస్తే మాత్రం బరువెక్కుతుంది, తడిగా చుట్టి మరిచిపోతే వారంలో బూజు పడుతుంది. ఈ ఉక్కపోతలో, ఈ సముద్రతీరపు ఊళ్ళలో ఆరబెట్టే ఓపిక ఉన్నవాళ్ళకే కేన్వాసు. నాకు ఆ ఓపిక లేదని నాకు తెలుసు గనుక లోపలివైపు వెండిపూత ఉన్న పాలిస్టర్ తీసుకున్నాను. వెండిపూత లేని పలచని గుడ్డ కింద మే నెలలో కూర్చుంటే నీడలో ఉన్నట్టే ఉంటుంది కానీ చర్మం చురుక్కుమంటూనే ఉంటుంది.

అన్నిటికంటే నాకు ఆలస్యంగా తెలిసివచ్చిన విషయం సూర్యుడిది. పందిరి వేశాం కాబట్టి నీడ దాని కిందే ఉంటుందని అనుకుంటాం. విజయవాడ సుమారు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలోనూ మళ్ళీ ఆగస్టు మొదటి వారంలోనూ మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ క్షణంలో మాత్రమే నీడ పందిరి కిందనే ఉంటుంది. మూడుంబావు అయ్యేసరికి సూర్యుడు 45 డిగ్రీలకు దిగుతాడు. అప్పుడు రెండు మీటర్ల ఎత్తున్న పందిరి నీడ రెండు మీటర్లు తూర్పుకు జరుగుతుంది. నాలుగున్నరకు నాలుగు మీటర్లు. అంటే పందిరిని కారుకు పడమటి వైపు విప్పుకున్నవాడి నీడంతా కారు కిందికీ, అవతలి వైపుకూ పోతుంది. వాడు చాప ఎత్తుకుని దాని వెంట తిరగాలి. తూర్పు వైపు విప్పుకుంటే పందిరి నీడకు కారు నీడ తోడై, పొద్దు వాలేకొద్దీ చోటు ఇంకా పెరుగుతుంది. పందిరి కారుకు ఎడమవైపు ఉంది కాబట్టి, ఎడమవైపు తూర్పు కావాలంటే కారు ముక్కు దక్షిణానికి ఉండాలి. వేసవి మధ్యాహ్నాలకు ఇదే సూత్రం. ఉదయం పూట ఫలహారాలకే అయితే ఉత్తరానికి తిప్పి పెట్టుకోవాలి.

కార్తీకంలో లెక్క మారుతుంది. నవంబరు మధ్యలో మధ్యాహ్నపు సూర్యుడు కూడా దక్షిణం వైపు 55 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, నీడ దాదాపు మీటరున్నర ఉత్తరానికి జరుగుతుంది. కాబట్టి వనభోజనాల రోజున కారు ముక్కును తూర్పుకు పెట్టి, పందిరిని ఉత్తరం వైపు విప్పుకుంటే వడ్డన పూర్తయ్యేదాకా ఎవరి విస్తరి మీదా ఎండ పడదు. బండి ఆపగానే నేను దిక్కులు చూసుకోవడం గమనించి, వాస్తు పిచ్చి ఎప్పుడు పట్టిందని మా బావగారు మొదట్లో ఆటపట్టించేవారు.

ఇప్పుడు గాలి. రెండేళ్ళ క్రితం మే నెలలో, సముద్రం ఒడ్డునే, నేను పందిరి విప్పి కాళ్ళు నిలబెట్టి, తాళ్ళు కట్టకుండా కొబ్బరిబోండాల కోసం నడిచాను. ఐదు నిమిషాల పనే కదా అని. మన తీరంలో వేసవి మధ్యాహ్నం దాకా పడమటి నుండి వడగాలి వీస్తుంది, తరువాత సముద్రం మీది నుండి గాలి తిరుగుతుంది. ఆ తిరిగే గడియలోనే నేను బోండాల బండి దగ్గర ఉన్నాను. వెనక్కి తిరిగి చూస్తే పందిరి నిటారుగా లేచి నిలబడి, మరుక్షణంలో కారు కప్పు మీదుగా అవతలికి పడింది. ఒక చేయి వంగిపోయింది, కీలు దగ్గర రివిట్ తెగింది, కప్పు మీద సొట్ట పడింది. పిల్లలు నీళ్ళ దగ్గర ఉండబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు. బోండాలు కొడుతున్న పెద్దమనిషి కత్తి ఆపి, "తాడు కట్టని తెరచాప నిలబడతదా బాబూ" అన్నాడు. ఆయన పోలిక అక్షరాలా నిజం.

ఇంటికొచ్చాక లెక్కవేసి చూసుకున్నాను. రెండు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతు అంటే ఐదు చదరపు మీటర్ల గుడ్డ. గంటకు 20 కిలోమీటర్ల గాలి దానికి నిండుగా ఎదురుగా తగిలితే తొమ్మిది కిలోల బరువంత తోపు పడుతుంది. 40 కిలోమీటర్ల గాలికి అది రెట్టింపు కాదు, నాలుగింతలై 37 కిలోలు దాటుతుంది. గాలి వేగం వర్గాన్ని బట్టి తోపు పెరుగుతుంది కాబట్టి, కాస్త గాలి పెరిగింది అని మనం అనుకునేలోపే పందిరి మన చేతుల్లో నుండి జారిపోతుంది. మామూలుగా గాలి గుడ్డకు అంచు నుండి తగిలి జారిపోతుంది గనుక ఇంత తోపు పడదు. బయటి అంచు పైకి లేచిన మరుక్షణం మాత్రం మొత్తం గుడ్డ దానికి దొరికిపోతుంది. అందుచేత బయటి అంచును కారు వైపు అంచు కంటే ఒక జానెడు కిందికి దించడం, గాలి వచ్చే దిక్కుకు పందిరి నోరు తెరవకపోవడం, కాళ్ళు నిలబెట్టిన వెంటనే, మరే పనీ పెట్టుకోకుండా, తాళ్ళు కట్టడం నాకు అలవాటయ్యాయి. సూర్యలంకలో మే మధ్యాహ్నం ముక్కును దక్షిణానికి పెట్టి నిలిపితే సముద్రపు గాలి కారు ముక్కు నుండి తోక వైపు పందిరి వెంట సాగిపోతుంది; ఎండకూ గాలికీ ఒకే అమరిక సరిపోవడం ఆ చోటుకున్న అదృష్టం. చెట్ల కొమ్మలు మొత్తంగా ఊగడం మొదలైతే మాత్రం ఇంకో పావుగంట చూద్దాం అనకుండా చుట్టేస్తాను.

తాడు ఎంత మంచిదైనా మేకు నిలవకపోతే వ్యర్థం, మేకు నిలవడం నేలను బట్టి ఉంటుంది. పందిరితో ఇచ్చే సన్నటి జానెడు మేకులు పచ్చికకు తప్ప దేనికీ పనికిరావు. ఇసుకలో మామూలు మేకు ఏదీ నిలవదు. ఖాళీ ఎరువుల సంచిని ఇసుకతో నింపి, నడుముకు తాడు కట్టి, అడుగున్నర లోతు గోతిలో అడ్డంగా పడుకోబెట్టి, పైన ఇసుక కప్పి తొక్కితే అది ఎంత గాలికీ కదలదు. గుంటూరు వైపు నల్లరేగడి నేలల్లో వేసవిలో నెర్రెలు విచ్చి ఉంటాయి. నెర్రెకు దూరంగా, బెత్తెడు కాదు మూరెడు పొడవున్న ఇనుప చువ్వలను సుత్తితో ఏటవాలుగా దించాలి. వాన పడిన రేగడిలో అవే చువ్వలు వెన్నలో నుండి వచ్చినట్టు వచ్చేస్తాయి, ఆ నేలలోకి కారు తీసుకువెళ్ళడమే పొరపాటు. కొండపల్లి, కోటప్పకొండ చుట్టుపక్కల గరపనేలలో చువ్వ దిగదు. అక్కడ నేను 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండింటిని రెండు కాళ్ళకు కడతాను. తోపులో సగం కారే మోస్తుంది, మిగిలిన సగాన్ని రెండు మూలలూ పంచుకుంటాయి కనుక మూలకు 20 కిలోలు మామూలు గాలికి సరిపోతాయి. దాహానికి నీళ్ళు వంచుకునేటప్పుడు ఆ లెక్క తగ్గుతుందని మాత్రం ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి ఉంచాలి.

ముడి సంగతి గుంటూరు మిర్చి యార్డు దగ్గర లారీల మీద టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, కట్టేవాళ్ళను చూసి నేర్చుకున్నాను. తాడు మధ్యలో ఒక ఉచ్చు వేసి, కొసను మేకు చుట్టూ తిప్పి తెచ్చి ఆ ఉచ్చులో నుండి కిందికి లాగితే కప్పీతో లాగినంత బిగువు వస్తుంది, విప్పేటప్పుడు ఒక్క లాగుకు ఊడిపోతుంది. తాళ్ళకు మధ్యలో తెల్ల గుడ్డపేలికలు కట్టకపోతే చీకట్లో అందరికంటే ముందు తట్టుకుని పడేది కట్టినవాడే.

వానకు ఈ పందిరి ఒక మోస్తరు రక్షణే. బయటి అంచులో ఒక మూలను ఇంకో మూల కంటే కిందికి దించకపోతే నీరు నడిమధ్యలో నిలిచి పొట్టలా వేలాడుతుంది. ఒక చదరపు మీటరు మీద ఒక సెంటీమీటరు నీరు నిలిచినా పది కిలోలు. పొట్ట ఐదు సెంటీమీటర్లకు చేరితే సన్నటి అల్యూమినియం చేతులు వంగడానికి అదే చాలు. ఇక ఉరుములు వినిపిస్తే పందిరి కింద నుంచోవద్దు. చుట్టే సమయం ఉంటే చుట్టి, లేకపోతే అలాగే వదిలేసి, కారులో కూర్చుని అద్దాలు ఎత్తుకోవాలి; ఇనుప శరీరం పిడుగు విద్యుత్తును తన మీదుగా నేలకు పంపేస్తుంది, లోపలివారిని కాపాడుతుంది. తాడిచెట్టు కింద బండి ఆపకూడదని మన పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కొబ్బరిచెట్టు విషయంలో దానికి తోడు కాయల భయం కూడా ఉంది.

పందిరి కింద ఎంతమంది పడతారని అడిగేవారికి వనభోజనాల లెక్కే చెబుతాను. బాసిపట్టు వేసుకుని విస్తరి ముందు కూర్చునే మనిషికి అటూ ఇటూ రెండడుగుల చోటు కావాలి. రెండున్నర మీటర్ల పొడుగున ఒక వరుసలో నలుగురు, ఎదురెదురుగా రెండు వరుసలు వేస్తే ఎనిమిది మంది కూర్చుంటారు, వడ్డించేవారు మధ్యలో ఒంగి నడవగలరు. పన్నెండు మంది వస్తే రెండో బంతి తప్పదు. పోయిన కార్తీకంలో మా పిన్ని ఉసిరిచెట్టు నీడ తప్ప మరే నీడా శాస్త్రానికి ఒప్పదని పట్టుబట్టింది. ఉసిరిచెట్టు నీడలో దేవుడి పటం, దీపం, ఆమె కూర్చునే చాప తప్ప ఇంకేమీ పట్టలేదు. మిగతావాళ్ళం పందిరి కింద సర్దుకున్నాం.

పొయ్యి మాత్రం పందిరి నడిమధ్యలో వద్దు. పాలిస్టర్ గుడ్డకు మంట అంటుకోవడం కంటే ముందు వేడికే రంధ్రం పడుతుంది. చిన్న సిలిండరు పొయ్యిని గాలివాలు వైపు అంచున, గుడ్డ బయటికి పెట్టుకోవాలి. కొందరు పందిరికి నాలుగు వైపులా తెరలు జిప్పులతో తగిలించి గదిలా చేసుకుంటారు. అలా మూసుకున్నాక లోపల పొయ్యి గానీ కుంపటి గానీ వెలిగించడం, పక్కనే ఏసీ కోసం ఇంజను నడుస్తూ ఉంచడం ప్రాణాంతకం. వాటి నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు, నిద్రమత్తులాగే కమ్ముతుంది. తెర కావాలనుకుంటే పడమటి ఎండకు అడ్డంగా ఒక్కటి చాలు. నేను మా అమ్మ పాత నేత చీరను బట్టల క్లిప్పులతో తగిలిస్తాను, గాలి కూడా ఆడుతుంది.

ఎక్కడ వేయవచ్చన్న విషయంలో రెండు మాటలు. రిజర్వు అడవుల్లో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి బస కూడదు, కొండపల్లి అడవికీ ఇదే వర్తిస్తుంది. సూర్యలంకలో వైమానిక దళ స్థావరం ఉంది కనుక జనం తిరిగే మేరకే ఉండాలి. జనవరి నుండి మార్చి దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఇసుకలో గుడ్లు పెడతాయి. అందుచేత కారును ఇసుకలోకి దించకుండా సరుగుడు తోటల అంచున గట్టినేల మీదే ఆపి, రాత్రిళ్ళు సముద్రం వైపు లైట్లు వేయకుండా ఉంటాం. ఇసుకలో దిగబడిన కారును లాగించుకునే బాధ కూడా తప్పుతుంది.

తిరిగొచ్చాక చేయవలసిన పనే అసలు బద్ధకానికి పరీక్ష. ఉప్పుగాలి తగిలిన పందిరిని మంచినీళ్ళతో కడగాలి. సబ్బుపొడి వాడితే నీటిని ఆపే పూత పోతుంది. గొట్టాల్లో చేరిన ఇసుకను కొట్టి దులపకపోతే తిప్పి బిగించే తాళాలు నెల తిరక్కుండా అరిగి జారిపోతాయి. స్టీలు బోల్టు అల్యూమినియంలో దిగిన చోట ఉప్పుతేమకు తెల్లటి పొక్కులు వస్తాయి గనుక అక్కడ కాస్త గ్రీజు రాస్తాను. అన్నిటికంటే ముందు చెడేది సంచి. మన ఎండకు పీవీసీ పెళుసెక్కి కుట్ల దగ్గర చిట్లుతుంది, జిప్పు పళ్ళలో ఇసుక ఇరుక్కుంటుంది. పళ్ళ మీద కొవ్వొత్తి ముక్క రుద్దితే జిప్పు మళ్ళీ జారుతుంది. సంచిని మాత్రం రెండేళ్ళకే మార్చవలసి వచ్చింది, గవర్నరుపేటలో సీటు కవర్లు కుట్టే ఆయన చేత దళసరి రెగ్జిన్‌తో కుట్టించుకున్నాను, మొదటిదాని కంటే బాగుంది.

కడిగిన గుడ్డను మేడ మీద పూర్తిగా విప్పి ఆరేస్తాను. పోయిన వేసవిలో అలా ఆరేసి కిందికి దిగుతుంటే, గుమ్మడికాయ వడియాల పిండి గిన్నెతో పైకి వస్తున్న మా అమ్మ ఆగి, ఆ తెల్లటి గుడ్డ మీద పెట్టుకుంటే నాలుగు వరుసలు ఎక్కువ పడతాయి కదా అంది. "వద్దమ్మా, దానికి సముద్రపు ఉప్పు పట్టి ఉంటుంది" అన్నాను. "వడియాల్లో ఎలాగూ ఉప్పు వేస్తాం కదరా" అంది.